ఎముక విరిగినా ఇంతకంటే ముందే తగ్గేదా?

ప్రశ్న: మాది విశాఖలో గోపాలపట్నం. వయసు 43. ఇంట్లోనే మిషన్ కుడతాను. మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తుంటే ఇసుకతోట దాటాక రోడ్డు అంచు మీద అడుగు పడి కుడికాలు చీలమండ దగ్గర లోపలికి మడత పడిపోయింది. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉంది, లిగమెంట్ దెబ్బతింది, నెలలో తగ్గిపోతుంది అన్నారు. పది వారాలు దాటింది. ఇప్పటికీ సాయంత్రానికి వాచిపోతుంది, గతుకుల్లో నడిస్తే కాలు పక్కకి జారిపోతున్నట్టు ఉంటుంది. వేసవిలో మా తమ్ముడు బండి మీద నుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు, ఆరు వారాలకి కట్టు తీశారు, ఇప్పుడు గ్యాస్ సిలిండర్ మోస్తున్నాడు. దీనికంటే ఎముక విరిగినా బాగుండేదని మా అత్తగారు అంటున్నారు. నా ఒంట్లోనే సత్తువ లేదేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినావిడ ఒకరు కొల్లాజెన్ పొడి తాగమంటున్నారు, నెలకి రెండు వేలట. తొమ్మిది చదివే మా అమ్మాయి, ఎముక, గుజ్జు, కొవ్వు, లిగమెంటు, చివరికి రక్తం కూడా ఒకే రకం కణజాలం అని పుస్తకంలో చూపించింది. అన్నీ ఒకటే అయితే ఒకటి తొందరగా, ఇంకోటి ఆలస్యంగా ఎందుకు తగ్గుతుంది? వచ్చే ఏడాది ప్రదక్షిణ చేయగలనా?

సమాధానం: అమ్మా, ముందు ఆ సత్తువ మాట మనసులోంచి తీసేయండి. ఫిజియోథెరపీ చేసేవాళ్ళకి ఇది రోజూ వినపడే మాటే, ఎముక విరిగినవాళ్ళ కంటే కాలు బెణికినవాళ్ళే ఎక్కువ దిగులుగా వస్తారు, ఎందుకంటే ఎక్స్‌రేలో ఏమీ లేదు కాబట్టి ఇంట్లో వాళ్ళకి అది దెబ్బలాగే కనపడదు. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. ఎముక బాగుంది అన్నారంటే ఎముక బాగుందనే, అంతకు మించి అందులో ఏమీ లేదు. పది వారాలకి నొప్పి ఉండటం మీ బలహీనత కాదు, దెబ్బ తగిలిన పదార్థం స్వభావమే అంత. కాకపోతే ఈ పది వారాల్లో ఆ కాలికి చేయించాల్సిన పని ఒకటి ఎవరూ చేయించలేదని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది, దాని దగ్గరకి వస్తాను.

మీ అమ్మాయి పుస్తకంలో ఉన్నది నిజమే. దాన్ని సంయోజక కణజాలం అంటారు. చర్మం పైపొర లాంటి చోట్ల కణాలు ఒకదానికొకటి ఒరుసుకుని ఇటుకల్లా ఉంటాయి. సంయోజక కణజాలంలో అలా కాదు, కణాలు తక్కువగా, దూరదూరంగా ఉంటాయి, వాటి చుట్టూ ఉండే పదార్థమే ఎక్కువ. ఆ పదార్థంలో దారాలుంటాయి, దారాల మధ్య నీరు పట్టి ఉంచే జిగురు ఉంటుంది. మీరు మిషన్ కుడతారు కాబట్టి మీకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. దారం ఒకటే అయినా నేత మారితే బట్ట మారిపోతుంది కదా. మన ఒంట్లో ఆ ముఖ్యమైన దారం పేరు కొల్లాజెన్, ఒంట్లో ఉన్న మొత్తం ప్రొటీన్‌లో దాదాపు మూడో వంతు అదే. దానికి తోడు ఎలాస్టిన్ అని సాగి వెనక్కి వచ్చే దారం ఇంకోటి, అది నడుముకి వేసే ఎలాస్టిక్ లాంటిది, చెవి డొప్పలో, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో ఎక్కువ. లివర్‌లో, ప్లీహంలో, ఎముక మజ్జలో కణాలని పట్టి ఉంచడానికి సన్నటి వలలా అల్లుకునే దారాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు నేత సంగతి. చర్మం కింద, కండల మధ్య, రక్తనాళాల చుట్టూ ఈ దారాలు చాలా వదులుగా, కచ్చా కుట్టు వేసినట్టు ఉంటాయి. మధ్యలో ఖాళీ ఎక్కువ, కాబట్టి నీరు చేరితే చేరేది అక్కడే. సాయంత్రానికి మీ చీలమండ దగ్గర కనిపించే వాపు చాలావరకు ఆ వదులు పొరల్లో నిలిచిన నీరే, అందుకే రాత్రి కాళ్ళు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి తగ్గుతుంది. అదే దారాలు ఒకే దిక్కుకి, పక్కపక్కన, గట్టిగా బిగించి పేనితే తాడు అవుతుంది. కండని ఎముకకి కట్టే తాడు టెండన్, ఎముకని ఎముకకి కట్టే తాడు లిగమెంట్. మడమ వెనక చేత్తో పట్టుకుంటే గట్టిగా తగులుతుందే, అది టెండన్, ఒంట్లో అన్నిటికంటే బలమైనది. మన ఇళ్ళల్లో ఈ రెంటినీ కలిపి నరం అనేస్తాం, నరం పట్టేసింది, నరం తప్పుకుంది అంటాం. అసలు నరం వేరు, అది కబురు మోసే తీగ. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, నరం సరిచేస్తామని ఎవరైనా మీ కాలు పట్టి ఒక్క గుంజు గుంజితే అక్కడ సరిచేయడానికి నరమేమీ ఉండదు, సగం తెగిన తాడు మిగతా సగం తెగడం తప్ప.

ఎముకంటే అదే కొల్లాజెన్ దారం, కాకపోతే కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు పట్టి బిగుసుకుపోయింది, గంజి పెట్టి ఆరేసిన చీర నిలబడ్డట్టు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఆ లవణాలే. మీ అమ్మాయికి ఇది చూపించాలంటే ఒక కోడి కాలి ఎముకని శుభ్రం చేసి వెనిగర్‌లో వేసి నాలుగైదు రోజులు, మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చి, ఉంచమనండి. గంజి కరిగిపోయి దారం మాత్రం మిగులుతుంది, ఎముక రబ్బరులా వంగుతుంది. పుస్తకంలో రెండు పేజీలు చదివినదానికంటే అది ఎక్కువ గుర్తుంటుంది.

గుజ్జు కూడా ఇదే కుటుంబం, పుస్తకంలో మృదులాస్థి అని రాస్తారు. దారాల మధ్య జిగురు బాగా ఎక్కువ, ఆ జిగురు నీటిని పీల్చి పట్టుకుంటుంది, అందుకే నొక్కితే నొక్కుకుని మళ్ళీ లేస్తుంది. కీళ్ళ చివర నున్నగా ఉండేది ఒక రకం, చెవి డొప్పలో వంగేది ఒకటి, వెన్నుపూసల మధ్య డిస్కుల్లో గట్టిగా ఉండేది ఇంకొకటి. కొవ్వు గురించి అందరూ చెడ్డగానే మాట్లాడతారు గానీ మడమ కింద కొవ్వు లేకపోతే మీరు ప్రదక్షిణలో వట్టికాళ్ళతో అంత దూరం కూడా వచ్చేవారు కాదు, అక్కడ కొల్లాజెన్ గదులు కట్టి ఒక్కో గదిలో కొవ్వు నింపి ఉంటుంది, అడుగు పడినప్పుడల్లా ఆ దెబ్బని అదే తీసుకుంటుంది.

ఇక రక్తం. పిల్లలందరూ దగ్గర దగ్గర ఇక్కడే ఆగిపోతారు, కారేదాన్ని తెచ్చి ఎముక పక్కన ఎలా కూర్చోబెడతారని. చూడండి, ఇక్కడా కణాలు దూరదూరంగానే ఉన్నాయి, చుట్టూ ఉన్న పదార్థమే ఎక్కువ, అది ప్లాస్మా, రక్తంలో సగానికి పైగా అదే. తల్లి కడుపులో పిండం ఏర్పడేటప్పుడు మధ్య పొర ఒకటి ఉంటుంది, ఎముక, గుజ్జు, లిగమెంటు, రక్తం ఆ పొరలోంచే వస్తాయి, తల వైపు కొన్ని ఎముకలు మాత్రం వేరే దారిలో వస్తాయి. మరి దారాలేవీ అంటారా? వేలు తెగినప్పుడు చూడండి. అప్పటిదాకా కరిగి ఉన్న ప్రొటీన్ కాసేపట్లో దారాలై అల్లుకుని రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. అవసరం వచ్చినప్పుడే దారం తీసే కణజాలం అది. పైగా ఎర్ర కణాలు పుట్టేదే ఎముకల లోపలి మజ్జలో.

మీ అసలు ప్రశ్నకి జవాబు కూడా ఈ రక్తంలోనే ఉంది. కుటుంబం ఒకటే అయినా అందరి ఇంటికీ రక్తం ఒకేలా చేరదు. ఎముకకి లోపలా బయటా రక్తనాళాలు దండిగా ఉంటాయి. విరిగిన చోట గడ్డ కడుతుంది, మెత్తటి గుజ్జులాంటి అతుకు పడుతుంది, దానికి లవణాలు పడతాయి, తర్వాత నెలల తరబడి చెక్కి సరిచేసుకుంటుంది, అంతా అయ్యాక అక్కడ ఉండేది మళ్ళీ ఎముకే. ఒంట్లో మచ్చ లేకుండా మానే కొద్దివాటిలో ఎముక ఒకటి. మీ తమ్ముడిది అదృష్టం కాదు, ఎముక పని ఎముక చేసింది. గుజ్జు రెండో కొసన ఉంటుంది, దానికి సొంత రక్తనాళాలే లేవు, కీలు కదిలినప్పుడు అక్కడి జిగట నీరు లోపలికీ బయటికీ నొక్కుకుంటూ ఉంటే దానితోనే బతుకుతుంది. అందుకే అరిగిన గుజ్జు మళ్ళీ పూర్వంలా రావడం కష్టం. లిగమెంట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. రక్తం అందుతుంది, కానీ కొద్దిగా. కణాలూ తక్కువే, అవి నెమ్మదిగా దారం తీస్తాయి.

తీసే దారం కూడా మొదట్లో మంచిది కాదు. తొలి వారాల్లో సన్నటి, నాసి రకం కొల్లాజెన్‌తో, ఎటు పడితే అటు, కంగారుగా రఫూ చేసినట్టు కుట్టేస్తుంది. ఆ తర్వాత నెలల పాటు ఆ నాసి దారాన్ని తీసేసి లావు దారం వేస్తూ, దాన్ని లాగుడు ఎటు పడుతుందో అటు సర్దుతూ పోతుంది. దెబ్బ పెద్దదైతే ఈ సర్దుడు ఏడాది దాకా సాగుతుంది. అయినా రఫూ రఫూయే, అచ్చం పాత లిగమెంట్ అవ్వదు, కానీ నడవడానికి, మెట్లెక్కడానికి సరిపోయేంత గట్టిగా అవుతుంది. చిన్న బెణుకు రెండు మూడు వారాల్లో పోతుంది, సగం తెగితే ఆరు వారాలో ఇంకాస్తో, పూర్తిగా తెగితే మూడు నెలలు, అంతకంటే ఎక్కువ కూడా. అందరికీ కలిపి నెల అని చెప్పడం సరికాదు.

ఇందులో నేను మరీ మరీ చెప్పాలనుకునేది ఆ లాగుడు గురించి. దారాన్ని ఎటు సర్దాలో ఆ కణాలకి చెప్పేది మీ కదలికే. కాలు కదపకుండా నెలల తరబడి కూర్చుంటే దారాలు చిక్కుపడ్డట్టే ఉండిపోతాయి. అలా అని మానక ముందే గతుకుల్లో నడిచి మళ్ళీ మళ్ళీ మడత పెట్టుకుంటే వేసిన కుట్టు తెగిపోతుంది. మొదటి రోజుల్లో కట్టు, ఐస్, విశ్రాంతి సరైనవే. ఆ దశ ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు మీ కాలికి కావలసింది కొలత ప్రకారం పని.

ఇంకో సంగతి, లిగమెంట్‌లో చిన్న చిన్న నరాల చివర్లు ఉంటాయి, కాలు ఎంత వంగిందో మెదడుకి చెప్పేవి అవి. లిగమెంట్‌తో పాటు అవీ దెబ్బతింటాయి. మీరు రాసిన, పక్కకి జారిపోతున్నట్టు ఉండటం చాలాసార్లు దీనివల్లే, కాలు మడతపడుతోందన్న కబురు కండలకి ఆలస్యంగా అందుతుంది. నొప్పి తగ్గినా ఇది తనంతట తాను తగ్గదు, నేర్పించాలి. నేర్పించకపోతే మళ్ళీ బెణుకుతుంది, అదే కాలు పదే పదే బెణికేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

కాబట్టి ఇలా చేయండి. పొద్దున మంచం మీదే కూర్చుని కుడికాలి బొటనవేలితో గాల్లో అ ఆ ఇ ఈ రాయండి, అచ్చులన్నీ, తొందర లేకుండా. వంటింటి గట్టు పట్టుకుని రెండు మడమలూ ఎత్తి మునివేళ్ళ మీద లేవండి, మూడు లెక్కపెడుతూ దిగండి, పదిసార్లు, రోజుకి మూడు విడతలు, రెండు మూడు వారాలకి అది తేలికైతే కుడికాలి ఒక్కదాని మీదే ప్రయత్నించండి. ఒక పాత చున్నీ చివరలు కలిపి ముడేసి మంచం కోడుకి తగిలించి, పాదం అందులో పెట్టి చిటికెన వేలు వైపుకి మెల్లగా లాగండి, మీ చీలమండని బయటి వైపు కాపాడే కండలు అవే. అన్నిటికంటే ముఖ్యం, గట్టు పక్కనే నిలబడి కుడికాలి మీద ఒంటికాలితో ముప్పై సెకన్లు నిలబడటం, మొదట చెయ్యి ఆనించి, తర్వాత వదిలి, అదీ వచ్చేశాక కళ్ళు మూసుకుని. పళ్ళు తోముకునేటప్పుడు చేస్తే మర్చిపోరు. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉండి మర్నాటికి తగ్గిపోతే ఫర్వాలేదు, మర్నాడు వాపు పెరిగిందంటే ఎక్కువ చేశారని, సగానికి తగ్గించండి.

మీ మిషన్ కాలితో తొక్కేదా, మోటారుదా అన్నది రాయలేదు. తొక్కేదైతే అది మీకు మంచి వ్యాయామమే, పైకీ కిందకీ కదలికే తప్ప పక్కకి మడత ఉండదు, ముప్పై నిమిషాలకోసారి లేచి నాలుగు అడుగులు వేస్తే చాలు. నడక చదును రోడ్డు మీద మొదలుపెట్టండి. బీచ్‌లో ఇసుక మీద నడిస్తే కాళ్ళు గట్టిపడతాయని చాలామంది సలహా ఇస్తారు, గట్టిపడతాయి కూడా, కానీ అది చివరి మెట్టు, ఇప్పుడే వద్దు. ఆర్కే బీచ్‌కి వెళ్ళాలని ఉంటే పక్కన రోడ్డు మీద నడవండి. వదులు చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. గతుకుల్లోకి, జనంలోకి వెళ్ళేటప్పుడు చీలమండకి బ్రేస్ వేసుకోవచ్చు, ఇంట్లో అక్కర్లేదు.

పొడి సంగతి. కొల్లాజెన్ తాగితే అది కొల్లాజెన్‌లాగే వెళ్ళి మీ చీలమండకి అంటుకోదు, కడుపులో ముక్కలై, పప్పులోంచి గుడ్డులోంచి వచ్చిన ముక్కలతో కలిసిపోతుంది. కీళ్ళ నొప్పికి కొంత మేలు చేసిందని కొన్ని చిన్న అధ్యయనాలు ఉన్నాయి, హాని పెద్దగా లేదు, కానీ వ్యాయామం చేయకుండా పొడి తాగితే దారం సర్దుకోదు, నెలకి రెండు వేలు పెట్టేంత నమ్మకం నాకైతే లేదు. మేక కాళ్ళ సూప్ చేసి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పేరుకుంటుందే, అది ఉడికి కరిగిన కొల్లాజెనే. ఇష్టమైతే అది తాగండి, అదేదో మందు అని మాత్రం కాదు. రోజూ గుడ్డు, పప్పు, పెరుగు, వారంలో రెండుసార్లు కానాగంతలో నెత్తళ్ళో తింటే ముడి సరుకు చాలు.

ఆ ముడి సరుకుని దారంగా పేనడానికి మాత్రం విటమిన్ సి తప్పకుండా కావాలి. కొల్లాజెన్‌లో మూడు పోగులు జడలా మెలికపడి ఉంటాయి, ఈ సంగతి 1954లో బయటపెట్టింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా, కంగారూ తోక టెండన్‌లోని కొల్లాజెన్‌ని ఎక్స్‌రేలతో చూసి. మన పక్క ఊళ్ళో జరిగిన అంత గొప్ప పని మన పిల్లలకి పెద్దగా తెలియదు, మీ అమ్మాయికి చెప్పండి. విటమిన్ సి లేకపోతే ఆ మూడు పోగుల మెలిక నిలబడదు. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి చిగుళ్ళ నుంచి రక్తం కారి, ఎప్పుడో మానిన పాత గాయాలు మళ్ళీ విడిపోయేవి, దానికి కారణం ఇదే. మనది నేవీ ఊరు కాబట్టి ఇది కూడా చెప్పాలనిపించింది, 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు ఆ జబ్బే ఉన్న 12 మందిని ఇద్దరిద్దరుగా విడదీసి తలోరకం మందు ఇస్తే, నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. మీకు రోజుకొక జామకాయ చాలు, లేదా పచ్చి ఉసిరికాయ. నిమ్మరసం పొయ్యి దించాక పిండండి, ఉడికితే విటమిన్ సి కొంత పోతుంది.

షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. 43 ఏళ్ళు కాబట్టి ఒకసారి చూపించుకోండి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ దారాలకి అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది, మానడం ఆలస్యమవుతుంది. నొప్పి బిళ్ళలు మీ అంతట మీరు కొనుక్కుని రోజూ వేసుకోవద్దు, కడుపుకీ కిడ్నీలకీ అవి మంచివి కావు. నూనె రాసి నెమ్మదిగా నిమరడం హాయిగా ఉంటే చేయించుకోండి, బిగుతు కట్టు మాత్రం వద్దు, వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కేలా ఎవరు కట్టినా వెంటనే విప్పేయండి.

ఒక్కసారి ఎముకల డాక్టర్‌కి మళ్ళీ చూపించమని అడుగుతున్నాను, భయపడి కాదు. పది వారాల తర్వాత కూడా కాలు జారుతుందంటే లిగమెంట్ ఎంత తెగిందో చేత్తో కదిపి చూడాలి, అవసరమనుకుంటే ఎమ్మారై రాస్తారు. కీలు లోపల గుజ్జుకి దెబ్బ తగిలినా, పక్కనున్న టెండన్ చిరిగినా ఇలాగే సాగుతుంది, అవి మామూలు ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఎముకల విభాగం ఉంది, ఖర్చు భయమైతే అక్కడికి వెళ్ళండి. కాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగిపోయినా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా వారం ఆగవద్దు. పిక్క వాచి వేడిగా నొప్పిగా ఉంటే అదే రోజు వెళ్ళాలి, అది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు.

ప్రదక్షిణ గురించి అడిగారు. మళ్ళీ ఆషాఢానికి ఇంకా తొమ్మిది నెలలకి పైగానే ఉంది, డాక్టర్ చూశాక వేరే ఏమీ లేదని తేలితే ఆ సమయం సరిపోతుందనే నా నమ్మకం. కానీ 32 కిలోమీటర్లు ఒక్కసారిగా కాదు. సంక్రాంతి దాటాక ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని ముప్పై సెకన్లు ఊగకుండా నిలబడగలిగితే వారానికోసారి దూరం పెంచుతూ రండి, గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ, ఆ తర్వాత కంచరపాలెం దాకా, ఉగాదికి పది కిలోమీటర్లు, ఎండలు ముదిరాక తెల్లవారుజామునే. ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టేనాటికి ఇరవై కిలోమీటర్లు వాపు లేకుండా నడిచి ఉండాలి. ఈసారి వెలుతురుండగానే బయల్దేరండి, ఇసుకతోట దగ్గర రోడ్డు మధ్యగా నడవండి. జూన్‌లో కాలు ఎలా ఉందో నాకు మళ్ళీ రాయండి.